గురువుగారి ఫ్రేము

ఆ వీధిలో కళ్ళద్దాల షాపాయనకి మనుషుల ముఖాలు గుర్తుండవు. ముక్కులు గుర్తుంటాయి, చెవులు గుర్తుంటాయి. కుడి చెవి ఎడమ చెవి కన్నా కాస్త పైకున్న బ్యాంకు మేనేజరూ, ముక్కు మధ్యలో చిన్న దిబ్బ ఉన్న స్కూలు టీచరమ్మా ఆయన మనసులో కలకాలం ఉండిపోతారు. అదే మేనేజరు బజార్లో ఎదురుపడి పలకరిస్తే మాత్రం, ఎవరబ్బా అని తెల్లమొహం వేసి, చూపు చెవుల దాకా పోయాక గానీ నవ్వడు. పెళ్ళైన కొత్తలో భార్య ముస్తాబై వచ్చి, ఎలా ఉన్నానో చెప్పమని ఎదురుగా నిలబడిందట. ఈయన తేరిపార చూసి, ఎడమ వైపు కాస్త జారింది, సర్దుకో అన్నాడట. కళ్ళజోడు గురించి. ఆవిడ ఆ మాట మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వనూ లేదు.

మనిషి మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. చొక్కా అంచుతో అద్దాలు తుడిచేవాళ్ళంటే ఆయనకు పడదు. కళ్ళజోడు నెత్తి మీదకి ఎత్తి పెట్టుకుని, పోయిందని ఇల్లంతా వెతికేవాళ్ళంటే అసలే పడదు. ఇక దాని మీద కూర్చుని విరగ్గొట్టుకొచ్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ముందు చివాట్లు, ఆ తర్వాతే రిపేరు. అయినా జనం ఆయన దగ్గరికే వస్తారు. ఎందుకంటే ఆయన చేతి కళ్ళజోడు ముక్కు మీద ఉందన్న సంగతే తెలియదు. పైగా ఆ షాపు ఎప్పుడు చూసినా తెరిచే ఉంటుంది. తన పెళ్ళినాడు కూడా పొద్దున్నే షాపు తెరిచి, ఎవరికో స్క్రూ బిగించి మరీ వెళ్ళాడని వీధిలో చెప్పుకుంటారు. అది అబద్ధమని ఆయన ఎన్నడూ అనలేదు. ఒకరికి కాదు, ఇద్దరికి బిగించానని దిద్దుతాడు, అంతే.

ఇంతటి మనిషికి ఒక్కటే తలనొప్పి. దాని పేరు గురువుగారి ఫ్రేము.

గురువుగారిని ఎరగని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. రోజూ పొద్దున్నే రేడియోలో మాట్లాడతారు. పెద్ద పెద్ద మాటలేమీ ఉండవు. ఒక కథ మొదలుపెడతారు, సగంలో ఆపి చిన్న నవ్వొకటి నవ్వుతారు, గొంతులో మొదలై పెదాల దాకా రాకుండానే ఆగిపోయే నవ్వు, మిగతాది రేపు అంటారు. ఆ రేపటి కోసం జనం టీ చల్లారబెట్టుకుని కూర్చుంటారు. ఇక ఆయన ఫొటో అంటారా, మందుల షాపులో ఉంది, బస్సుల్లో ఉంది, చివరికి చెప్పుల షాపులో కూడా ఉంది. అన్ని ఫొటోల్లోనూ ఒకటే పోజు. లావుపాటి నల్లటి ఫ్రేము, కాస్త పైకెత్తిన తల, ఎక్కడో ఆకాశంలో నిలిచిన చూపు. ఆ భక్తి కొద్దీ ఊళ్ళో నడివయసు దాటిన ప్రతివాళ్ళూ మన షాపాయన దగ్గరికి వచ్చి, నాకూ గురువుగారి ఫ్రేమే ఇవ్వు అంటారు. సన్న ముక్కువాళ్ళూ అంటారు, చప్పిడి ముక్కువాళ్ళూ అంటారు. ఇది మీకు నప్పదు మొర్రో అని ఆయన మొత్తుకుంటాడు. వాళ్ళు వినరు. జారిపోయే కళ్ళజోళ్ళతో, తలలెత్తుకుని, పరమ భక్తితో వీధుల్లో తిరుగుతుంటారు.

ఆ గురువుగారి ఫొటోయే షాపులో గుమ్మం పక్కన, అక్షరాల చార్టుకి ఎదురుగా వేలాడుతూ ఉంటుంది. పెట్టింది ఆయన కాదు, వాళ్ళమ్మ. ఫొటో కిందే ఆవిడ కుర్చీ. పైన ఇల్లు, కింద షాపు కావడంతో ఆవిడ పొద్దున రేడియో అయిపోగానే మెట్లు దిగొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్ళని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటుంది, ఎందుకంటే కళ్ళు పోతున్నాయి. చూపుకి నడిమధ్య ఒక మరక పడింది. దేని వైపు తిన్నగా చూస్తే అది ఆ మరకలో మాయమైపోతుంది. అంచుల్లో మాత్రం కాస్త మిగిలింది, అది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నాడు డాక్టరు. దీనికి కళ్ళద్దాలు పనికిరావని కూడా అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది కోడలే. కొడుకు షాపు మూయలేక వెళ్ళలేదు. కోడలు తిరిగొచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పబోతే, ఆయన సగం విని, ఎవరిదో ఫ్రేము చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఊరందరి చూపూ సరిచేసేవాడికి కన్నతల్లి చూపు దగ్గర చేతులు కట్టేసినట్టయింది. ఆ మాట పైకి అనడం రాక, ఆ సంగతే ఎత్తడం మానేశాడు.

ఆవిడ అడిగింది ఒక్కటే. ఈ చూపు పూర్తిగా పోకముందే గురువుగారిని ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఇన్నేళ్ళూ గొంతు విన్నాను, మనిషిని చూడలేదు, తీసుకెళ్ళరా అంది. దానికేం భాగ్యం అన్నాడు కొడుకు. పోయినేడాది గురువుగారు ఆ ఊరు వచ్చినప్పుడు, ఇదిగో ఈ ఒక్కటీ, అదిగో ఆ ఒక్కటీ అంటూ స్క్రూలు బిగిస్తూ కూర్చున్నాడు. తీరా బయల్దేరేసరికి జనం మైదానం నుంచి తిరిగి వచ్చేస్తున్నారు. ఆవిడ ఆ పూట తిట్టి ఊరుకుంది. కానీ అప్పటినుంచీ కొడుకు ఎదురుగా నిలబడి ఏదైనా చెప్పబోతే చాలు, ముఖం గోడ వైపుకి తిప్పుకుంటుంది. అంత కోపమా అని ఆయనకు ఉక్రోషం. నువ్వు అటు తిరిగితే నేను ఇటు తిరగలేనా అని ఆయనా వీపు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏడాదిగా తల్లీకొడుకుల మాటలన్నీ ఒకరు గోడతో, ఒకరు గాజు బీరువాతో చెప్పుకున్నట్టే సాగుతున్నాయి.

మళ్ళీ గురువుగారు వస్తున్నారు. సాయంత్రం మైదానంలో సభ. కోడలూ మనవరాలూ మధ్యాహ్నమే బయల్దేరి ముందు వరుసలో చోటు పట్టడానికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ కోడలు భర్తతో, అత్తయ్యని తీసుకొచ్చే పూచీ మీది, ఈసారి గనక తీసుకురాకపోతే, అని ఆపేసింది. ఆ ఆపడంలోనే అంతా ఉంది. అమ్మ దాచుకున్న మంచి బట్టలు పొద్దున్నే కట్టుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది. సంచీలో నీళ్ళ సీసా, చేతి రుమాలు, ఎందుకైనా మంచిదని ఒక గొడుగు. ఆ పొద్దున రేడియోలో గురువుగారు కుండలమ్మేవాడి కథ మొదలుపెట్టి, సంతలో వాడి గాడిద తప్పిపోయేదాకా చెప్పి, మిగతాది రేపు అన్నారు. ఆ గాడిద ఏమైందోనన్న బెంగ ఒకపక్క, ఈ కొడుకు కదులుతాడో లేదోనన్న బెంగ ఒకపక్క.

ఈసారి ఆయన నిజంగానే కదిలాడు. చెప్పుకోవాల్సిన విషయమే. వీధిలో చెప్పుల షాపు, గడియారాల షాపు, ఆఖరికి మందుల షాపు కూడా మూసేశారు. ఈయన కూడా షట్టరు దించే ఇనప కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఒక ముసలాయన వచ్చాడు. తల మీద ఉన్ని టోపీ, గడ్డం దాకా మఫ్లరు. చేతిలో రెండు ముక్కలైన కళ్ళజోడు.

ఇదొక్కటే తెరిచి ఉందండీ అన్నాడు ముసలాయన నీరసంగా.

మూసేశాం అంది అమ్మ కుర్చీలోంచి.

కొడుకు అమ్మ వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు, ఆ విరిగిన కళ్ళజోడు వైపు చూశాడు. అక్కడితో అయిపోయింది. కొక్కెం గోడకు ఆనించిన చప్పుడు వినగానే ఆవిడకి విషయం అర్థమై సంచీ గట్టిగా పట్టుకుంది.

ఎలా విరిగిందని అడిగితే, కూర్చున్నానన్నాడు ముసలాయన. దేని మీద అంటే, దీని మీదే, కార్లో అన్నాడు.

"కూర్చోడానికి కార్లో సీటుంటుంది కదండీ" అన్నాడు షాపాయన.

"ఉందండీ" అని ఒప్పుకున్నాడు ముసలాయన.

చేతిలోకి తీసుకుని చూస్తే అది లావుపాటి నల్ల ఫ్రేము. షాపాయనకి ఒళ్ళు మండింది. ఇంకొక భక్తుడు. ముక్కు మీద ఆనే చోట నిలువునా విరిగింది, జిగురు పెడితే నిలవదు. అద్దాలు మాత్రం బాగున్నాయి. వాటిని సానబట్టి ఇంకో ఫ్రేములోకి ఎక్కించాలి, కాస్త టైము పడుతుంది అన్నాడు. సభకి పోవాలిరా అంది అమ్మ. గురువుగారు వచ్చేసుంటారు, మాట్లాడేస్తుంటారు, మనం వెళ్ళేసరికి కుర్చీలు మడతపెడుతుంటారు అని గొణిగింది.

"ఇంకా మొదలుకాదమ్మా" అన్నాడు ముసలాయన సముదాయిస్తూ.

"మీకెలా తెలుసు?"

"ఊరికే అనుకుంటున్నాను."

వచ్చినవాడు ఊరుకోకుండా, ఇలాంటి ఫ్రేమే ఇంకోటి లేదా అని అడిగాడు. లేకేం, బోలెడున్నాయి, కానీ మీకివ్వను అన్నాడు షాపాయన. దగ్గరికి వచ్చి, ముసలాయన గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, బొటనవేలితో ముక్కు కొలిచాడు. ఏళ్ళ తరబడి మనసులో కుక్కుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

"మీ ముక్కు సన్నం. ఆ ఫ్రేము లావు. ముక్కుకి రెండు పక్కలా గుంటలు పడ్డాయి చూసుకున్నారా? మీరూ గురువుగారి భక్తులేనా?"

ముసలాయన ముక్కు తడుముకున్నాడు. "ఆయనతో పడటం కష్టమే గానీ, వదిలించుకోలేకపోతున్నానండీ."

"భక్తి ఉంటే మనసులో ఉండాలి, ముక్కు మీద కాదు. అసలు ఆ ఫ్రేము ఆయనకే నప్పలేదు. అటు చూడండి, ఆ ఫొటో."

"నాకు కనిపించదు. కళ్ళజోడు మీ చేతిలో ఉంది."

"సరే, నేనే చెబుతా వినండి. ఆయన ఎప్పుడూ తల పైకెత్తి ఉంటాడు. జనమంతా ఆకాశంలోకి చూస్తున్నాడని మురిసిపోతారు. ఆకాశం లేదు, ఏం లేదు. తల దించితే కళ్ళజోడు జారిపోతుంది, అదీ సంగతి. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆయనకి చెప్పలేదంటే, చుట్టూ ఎలాంటివాళ్ళున్నారో చూసుకోండి."

 అప్పుడు ముసలాయన నవ్వాడు. చిన్న నవ్వు. గొంతులో మొదలైంది, పెదాల దాకా రాకుండానే ఆగిపోయింది.

సంచీ మీద అమ్మ పట్టు సడలింది. కొడుకు అది చూడలేదు. సన్నపాటి ఫ్రేముల సొరుగు లాగి, ముసలాయన ముక్కుకి తగింది వెతుకుతున్నాడు. అందుకే అమ్మ మాట వినిపించినప్పుడు తన చెవుల్ని తనే నమ్మలేదు.

"తొందరేం లేదు నాన్నా. నిదానంగా చెయ్యి."

ఎత్తిపొడుస్తోంది అనుకున్నాడు. ఏడాదిగా లేని నాన్నా అన్న పిలుపు ఇప్పుడెందుకు వస్తుంది మరి. జవాబు చెప్పకుండా, అడ్డగోడ వెనకాల ఉన్న సానమిషను దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన్ని అమ్మ పక్కన ఉన్న స్టూలు మీద కూర్చోమన్నాడు.

మిషను తిరుగుతుంటే ఇంకేం వినపడదు. అద్దం అంచు నీళ్ళలో తడుస్తూ, కొద్దికొద్దిగా అరుగుతూ ఉంటుంది. మధ్యలో ఆపి, ఫ్రేములో పెట్టి చూసుకుని, మళ్ళీ తిప్పాలి. అలా ఆపినప్పుడల్లా గోడ మీదుగా ఇవతలికి తొంగి చూశాడు. చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. పాపం ఆ పెద్దాయన అమ్మ వైపు వంగి ఏదో చెబుతున్నాడు. అమ్మేమో ముఖం పూర్తిగా గోడ వైపుకి తిప్పేసి కూర్చుంది. సభకి ఆలస్యమైందన్న కక్ష షాపుకొచ్చిన మనిషి మీద తీర్చుకోవాలా? ఇంకోసారి ఆపినప్పుడు వాళ్ళ మాటలు కూడా చెవిన పడ్డాయి.

"చివరికి ఆ గాడిద దొరుకుతుందా?" అని అడుగుతోంది అమ్మ.

"రేపు పొద్దున దాకా ఆగాలమ్మా."

"మీకు తెలుసు కదా, చెబితే ఏం పోయింది?"

"నిజం చెప్పనా? నాకూ తెలీదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోవాలి."

ఎవరి గాడిద, ఈయన ఆలోచిస్తే అదెలా దొరుకుతుంది అని షాపాయన ఆశ్చర్యపోయాడు. పొద్దున రేడియో మోగుతున్నంతసేపూ ఆయన షాపు ఊడుస్తుంటాడు, కథలు వినే తీరిక ఉండదు. ఇద్దరికీ వయసు మీద పడిందిలే అనుకుని మిషను తిప్పాడు. త్వరగా కానిచ్చి అమ్మని తీసుకెళ్ళిపోదామని చూస్తుంటే, ఆవిడే అడ్డం పడుతోంది. రెండో అద్దం ఇంకోసారి చూసుకో, అంచు గరుకుగా ఉంటే పెద్దాయనకి గుచ్చుకుంటుంది అంటుంది. చెవికి తగిలించే కాడ వదులుగా ఉందేమో చూడు అంటుంది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ తన పనిలో ఇంత శ్రద్ధ చూపించడం ఆయన ఎరగడు.

ఇంతలో ఫోను మోగింది. మైదానం నుంచి భార్య. ఎక్కడున్నారని నిలదీసింది.  అదృష్టం బాగుండి గురువుగారు ఇంకా రాలేదట, ఎందుకు రాలేదో ఎవరికీ తెలియట్లేదట. షాపాయనకి ప్రాణం లేచొచ్చింది. పెద్దవాళ్ళంతా అంతే, మనల్ని ఎండలో కూర్చోబెట్టి వాళ్ళు తీరిగ్గా వస్తారు అని ఫోన్లో గట్టిగా అన్నాడు. స్టూలు మీద ముసలాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

పని పూర్తయింది. షాపాయన ఆ ముసలాయన టోపీని పైకి జరిపి, కాడలు వేడిగాలికి చూపించి, చెవుల వెనక ఒద్దికగా వంచాడు. ముక్కు మీద ఆనించి, వేలితో నొక్కి చూశాడు. ఇక పరీక్ష.

"తల దించండి. ఇంకా. ఇప్పుడు ఊపండి."

ముసలాయన తల బాగా దించి, స్కూలు పిల్లాడిలా బుద్ధిగా ఊపాడు. కళ్ళజోడు కదల్లేదు. ఆయన అలాగే నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. "జారలేదండీ" అన్నాడు నమ్మలేనట్టు.

ఎందుకు జారుతుంది అని షాపాయన అద్దం ఎత్తి పట్టుకున్నాడు. ముసలాయన అద్దంలో చూసుకోలేదు. ముందు అమ్మని చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మ ఇంకా గోడ వైపే తిరిగి ఉంది, కానీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఎందుకో మాత్రం కొడుక్కి అంతుపట్టలేదు.

అప్పుడొక డ్రైవరు ఒగరుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. షాపంతా కలయజూశాడు, ముసలాయన మీదుగా కూడా చూపు పోనిచ్చాడు, ఆఖరికి షాపాయన్ని అడిగాడు.

"ఇక్కడికి గురువుగారు వచ్చారాండీ?"

"ఇక్కడికి ఎవరూ రాలేదు" అన్నాడు షాపాయన.

"వచ్చాను. పద" అన్నాడు ముసలాయన.

డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూసి, గుర్తుపట్టి, ఒక అడుగు వెనక్కి వేశాడు. షాపాయనకైతే వేయడానికి వెనక గోడే ఉంది.  ఇంతసేపూ తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కార్లో సీటుంటుంది కదండీ అన్నది గుర్తొచ్చింది. గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది గుర్తొచ్చింది. ఆకాశం లేదు, ఏం లేదు అన్నది గుర్తొచ్చినప్పుడు చేతిలోని స్క్రూడ్రైవరు జారి కింద పడింది. గురువుగారే వంగి దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టారు. వంగినా కళ్ళజోడు జారలేదని ఇంకోసారి చూసుకున్నట్టు కూడా ఉంది.

మీరు చెప్పింది నిజమే, నాకెవరూ చెప్పలేదు అన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి వెళ్ళొస్తానమ్మా అంటే, గాడిద సంగతి మర్చిపోకండి అంది ఆవిడ. మర్చిపోనని మాటిచ్చి, మఫ్లరు సర్దుకుని, డ్రైవరు వెనకాలే వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు.

షాపాయన ఒక్క ఉదుటున కొక్కెం అందుకున్నాడు. లే అమ్మా, ఇంకా టైముంది, ఆయన చేరేలోపే మనమూ చేరిపోవచ్చు, షాపు మూసేస్తున్నాను అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం కోసం ఇంట్లోవాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో. ఇప్పుడు వస్తే ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

"ఎందుకురా? అక్కడ స్టేజీ మీద ఆయన ఈగంత కనిపిస్తాడు. నాకు అదీ కనిపించదు. నేను చూడాల్సింది చూసేశాను. తనివితీరా చూశాను."

"ఏం చూశావు? అంతటి మనిషి పక్కన కూర్చుంటే ముఖం తిప్పుకుని గోడని చూస్తూ కూర్చున్నావు."

"తిప్పుకోకపోతే ఎలా కనిపిస్తాడురా? తిన్నగా చూస్తే ముఖం ఉండాల్సిన చోట మరకే ఉంటుంది. గోడ వైపు చూస్తే, ఆ పక్క నుంచి మనిషి కనిపిస్తాడు. ముక్కుకి రెండు వైపులా గుంటలు, పాపం. నువ్వన్నది నిజమే, ఆ ఫ్రేము ఆయన్ని చాలా బాధపెట్టింది. కనుబొమ్మల్లో ఒక వెంట్రుక అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. ఎవరూ కత్తిరించరు కాబోలు."

ఆయన కొక్కెం పట్టుకునే నిలబడిపోయాడు. నీకెప్పుడు తెలిసిందని అడిగితే, నవ్వినప్పుడు అంది. మరి నాకు చెప్పలేదేం అంటే, చెబితే నీ చేతులు వణికేవి, వీధిలో ఉన్న నలుగురూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు, ఆయన మళ్ళీ గురువుగారైపోయి తల పైకెత్తేవాడు, నాకు గడ్డం మాత్రమే మిగిలేది అంది. నువ్వు తిడుతుంటే ఎంత హాయిగా కూర్చున్నాడో చూశావా అని కూడా అంది. ఇంకాసేపు తిడితే బాగుండేదట.

మళ్ళీ ఫోను. ఈసారి భార్య గొంతులో సంతోషమూ కోపమూ కలగలిసి ఉన్నాయి. గురువుగారు వచ్చేశారట. కానీ ఆయనకి ఎవడో బుద్ధిలేనివాడు సన్నపు కళ్ళజోడు అంటగట్టాడట, బొత్తిగా బాగాలేదట, గేటు దగ్గర వాలంటీర్లు ఆయనెవరో తెలియక ఆపేశారట కూడా. షాపాయన ఊఁ కొట్టాడు.

"కానీ ఒకటండీ" అందావిడ. "ఎప్పుడూ పైకి చూస్తూ మాట్లాడేవారు కదా, ఇవాళ కిందికి, మా వైపే చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళ ముఖమూ చూస్తున్నారు. నా వైపు కూడా చూశారండీ." ఆ మాటతోనే ఫోను పెట్టేసింది.

దూరంగా మైదానం నుంచి మైకులో గురువుగారి గొంతు వినపడుతోంది, మాటలు తెలియట్లేదు. అమ్మ అటు చెవి పెట్టి కూర్చుంది. కొడుకు మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. తట్టింది చిన్న విషయమే. 

"అమ్మా. నేను మాట్లాడుతుంటే కూడా ముఖం తిప్పుకుంటావు కదా. పోయినేడాది నుంచీ. కోపంతో అనుకున్నాను."

"కోపం ఉంది. అది వేరే."

"మరి?"

"కోపమొస్తే తిడతాను గానీ, చూడటం ఎందుకు మానేస్తానురా? నేను అలా తిరిగి, నిన్ను వెతికి పట్టుకునేసరికి, నువ్వేమో లేచి వెళ్ళి ఆ మిషను దగ్గర నిలబడతావు. సగం సగం చూడటమే అయింది ఏడాదంతా. నీకు పనేమో అనుకున్నా."

 అమ్మ తనను చూడటానికి తిరిగిన ప్రతిసారీ తను వీపు చూపించాడు. అందరి చూపు సంగతీ తెలిసినవాడికి ఇదొక్కటి తెలియలేదు. కొక్కెం గోడకు ఆనించేశాడు. గురువుగారు కూర్చున్న స్టూలు అమ్మకి ఎదురుగా లాగబోయి, ఆగి, పక్కకి, గురువుగారు కూర్చున్న చోటికే జరుపుకున్నాడు. కూర్చున్నాక అలవాటు కొద్దీ అమ్మ కళ్ళజోడు సర్దడానికి చెయ్యి చాచి, డాక్టరు పనికిరావన్నాక ఆవిడ అది పెట్టుకోవడం లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. కదలకండి అని రోజూ అందరికీ చెప్పే మాట తనకే చెప్పుకుని, బిగదీసుకుని కూర్చున్నాడు.

అమ్మ నెమ్మదిగా ముఖం గోడ వైపుకి తిప్పింది. కాస్త ఇటు, కాస్త అటు వెతుక్కుంది. ఒకచోట ఆగింది. తొందరేమీ లేనట్టు చాలాసేపు అలాగే ఉంది.

"ఇదేంట్రా" అంది చివరికి, "జుట్టంతా నెరిసిపోయింది నీకు."

ఎవరో గుమ్మం దాకా వచ్చి, స్క్రూ ఊడిపోయిందండీ అన్నారు. షాపు మూసేశాం అన్నాడాయన, తల తిప్పకుండానే.